పుట్టకొక్కుల నాడు

"జల్దీ వండు, ఆకలైతుంది," అంటూ నాగయ్య తువ్వాల మూటను పెళ్ళాం ముందు చాటలో కుమ్మరించి, పొద్దుటి షిఫ్టు చెమట కడుక్కోవడానికి పోయాడు.

వానలు పడ్డాక పుట్టల మీద గొడుగుల్లా లేచే పుట్టకొక్కులతో ముత్యమ్మకు పుట్టింటి నుంచీ చుట్టరికం. ఒకటి చేతిలోకి తీసుకుంది, కింద పెట్టేసింది. ఇవి పుట్టవి కావు. నెత్తిన మొన లేదు. పుట్ట లోపలికి దిగే పొడుగాటి వేరు లేదు, కాడ మొదట్లో ఉల్లిగడ్డలా ఉబ్బి ఆగిపోయింది. కాడ చుట్టూ గాజులా ఒక పొర. ముదిరినదాన్ని తిరగేస్తే కింది రేకుల్లో ఆకుపచ్చ ఛాయ. గాజు తొడుక్కున్నదాన్ని ముట్టకు బిడ్డా అని అమ్మ వెయ్యిసార్లు చెప్పింది.

ఎక్కడివని అడిగితే కంపెనీ గేటు కాడి గడ్డిలో లేచాయన్నాడు నాగయ్య. మంచివి కావు, పారేస్తానంది. భూమి పోయినందుకు ఆ మందుల కంపెనీలో నౌకరి దొరికిన నాటి నుంచీ నాగయ్యకు తెలియని సంగతి లేదు. ల్యాబులో పనిచేసే త్రినాథరావు సారు చూసి మంచివేనన్నాడట, ఎమ్మెస్సీ చదివిన ఆయన కంటే నీకెక్కువ తెలుసా అన్నాడు. అంత భయమైతే కాలి మెట్టె తీసి కూరలో వెయ్యి, నల్లబడకుంటే మంచివే అన్నాడు. వెండికేం తెలుసు? పక్కనే అత్త రాజవ్వ బియ్యం చెరుగుతూనే ఉంది.

అతను వినకపోతే వండక తప్పలేదు, పొయ్యి మీద కూర ఉడుకుతోంది. ముత్యమ్మకు కాలు నిలవడం లేదు. కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగింది, బర్రెకు గడ్డి వేసొచ్చింది, కూర్చుంది, లేచింది. ఏడాది పొడుగునా ఇంట్లో అందరి తర్వాత, అడుగంటింది గీక్కుని తినే మనిషి తను. పుట్టకొక్కుల నాడు మాత్రం ఆమెకే మొదటి ముద్ద. ఈ ఇంటి కట్టుబాటు అది: వండిన కోడలు ముందు తినాలి. ఆమె తిని గోడకు ఆనుకుని కూర్చుంటే, బర్రె పాలు పితికేంత సేపు ఆమె మొహమే చూస్తూ ఆగి, ఏం కాలేదని తేలాక మిగిలినవాళ్ళు కంచాల ముందు కూర్చుంటారు. కొత్తగా వచ్చిన ఏడు అదేదో మర్యాద అనుకుంది పిచ్చిది. మా అత్త నాకే ముందు పెడుతుందని అమ్మ దగ్గర మురిసిపోయింది. అమ్మ మర్నాడు తెల్లారకుండానే పుట్టల వెంట తిప్పి, చిన్నప్పుడు నేర్పిందంతా మళ్ళీ మొదటి నుంచీ నేర్పింది. ఎందుకో ముత్యమ్మకు అర్థం కావడానికి మూడు వానాకాలాలు పట్టింది. అయినా పదకొండేళ్ళూ తను ఏరుకొచ్చినవే గనక, తన మాట మీదే తను తింది. ఇవాళ ఎవరి మాట మీద తినాలి?

జొన్నరొట్టె, కూర తెచ్చి నాగయ్య ముందు పెట్టి, ఎదురుగా కూర్చుంది.

"నువ్వు తిన్నవా?" అన్నాడు నాగయ్య.

"తెచ్చినోల్లు తినాలె ఇయ్యాల."

రాజవ్వ చేతిలో చాట ఆగింది. నాగయ్య తల్లి వైపు చూశాడు.

"సారు మంచియే అన్నడంటివి గద," అంది ముత్యమ్మ. "మరి సారు ఇంటికి దీస్కపోయిండా?"

"ఇయ్యబోతే వద్దన్నడు," అన్నాడు నాగయ్య నెమ్మదిగా.

అన్నాక వెనక్కి తగ్గలేక రొట్టె తుంచి కూరలో అద్దాడు. చెయ్యి లేచింది. నోటి దాకా వస్తే కొట్టి పడెయ్యాలని ముత్యమ్మ ముందే అనుకుంది. తీరా ఇప్పుడు తన చెయ్యి లేస్తుందో లేదో ఆమెకే తెలియలేదు, అందుకు ఆమెకు భయమేసింది. ఆ ముద్ద గడ్డం దగ్గర ఆగి, కంచంలోకి దిగిపోయింది.

"ఇప్పుడు ఆకలైతలేదు," అని చెయ్యి కడుక్కుని బయటికి పోయాడు.

ముత్యమ్మకు ఒళ్ళు మండిపోయింది. అంటే అనుమానం గేటు దగ్గరి నుంచీ ఉంది. ఆ అనుమానం తీర్చుకోవడానికి ఇంట్లో ఒక పెళ్ళాం కూడా ఉంది.

కోళ్ళు ముట్టకుండా పెరట్లో లోతుగా గుంట తీసి, కూరంతా అందులో వంచింది. వెనకాలే రాజవ్వ వచ్చి నిలబడింది.

"ఇన్నేండ్లు నువ్వు నిజంగనే మింగినవానే?"

ముత్యమ్మకు అర్థం కాలేదు.

"నేనేనాడు మింగలే బిడ్డా. నోట్లె వెట్టుకున్నట్టు జేసి కొంగుల దాసుకుంటుంటి. మా అత్తనే నేర్పింది."

పార చేతిలోనే ఉండిపోయింది ముత్యమ్మకు. "మరి నాకెందుకు నేర్పలే అత్తమ్మా?"

రాజవ్వ కాలితో ఒక మట్టిపెళ్ళను గుంటలోకి నెట్టింది. "నువ్వు గంత నమ్మకంగ తింటుంటివి. నిన్ను జూస్తే మాకు గూడ నమ్మకమైతుండె."

ముత్యమ్మ గుంట పూడ్చింది. కాలితో తొక్కి గట్టిచేసింది. అప్పుడు తలెత్తి, వాకిట్లో ఉన్న నాగయ్యకు కూడా వినబడేటట్టే అంది:

"నాకు కొంగుల దాసుడు రాదు అత్తమ్మా. ఇగ నేను వద్దన్నది ఈ ఇంట్ల పొయ్యి ఎక్కదు."