శుక్రవారం గల్లీ

భివండిలో ఆగయ్య ఉండే గల్లీ శుక్రవారమొస్తే వెడల్పయ్యేది. ఆ రోజు కరెంటుకు సుట్టీ. సాంచలు, అంటే బట్ట నేసే మరమగ్గాలు, ఆగి చప్పుడు సద్దుమణగగానే రెండు దిక్కుల గోడలూ చెరో మూరెడు వెనక్కి జరిగేవి. పెండ్లిపందిరైనా, కొత్త బీరువా అయినా అందరూ శుక్రవారానికే పెట్టుకునేవాళ్లు. మిగతా ఆరు రోజులూ మనిషికి మనిషి ఎదురైతే ఒకరు గోడకు అతుక్కోవాల్సిందే.

మొదట్నుంచీ ఇంత ఇరుకా? ఎక్కడిది! సాంచ కొన్నప్పుడల్లా ఒక్కొక్కరు గోడను మూరెడు ముందుకు జరుపుకున్నారు. అందరికన్నా ఆఖరున, నిరుడు దసరాకు, ఆగయ్య జరిపాడు. ఒకరి సాంచలు నడిపి నడిపి నడుము పడిపోయాక సొంతంగా రెండు పెట్టుకున్నాడు. మూడోదానికి చోటు చాలలేదు. అందరూ చేసిందే కదా అనుకున్నాడు. మూడు సాంచలయ్యాక నిద్ర కూడా కరువైంది పాపం.

మంగళవారం మధ్యాహ్నం కోడలు కోమల్‌కు నొప్పులు లేచాయి. కొడుకు కాశేలి గోదాములో పనిలో ఉన్నాడు. పిలిచిన రిక్షా గల్లీ మొగదల్లోనే ఆగిపోయింది. కోమల్ నాలుగడుగులు వేసి గడప ముందే కూలబడింది.

"మేరేసే నహీ హోతా అత్తమ్మా, నడవస్తలేదు!"

కనకవ్వ మొగుడి మీద లేచింది. "గట్ల చూస్తవేందయ్యా? సాంచలు బంద్ చేయించు!"

"మంగళారం నాడు ఎవరు చేస్తరే?"

"ముందు నువ్వు చెయ్!"

ఆగయ్య తన మూడూ ఆపి ఎదురు కార్ఖానాకు ఉరికాడు. ఆ చప్పుడులో మాట వినిపించక చేతులు జోడించాడు. ఆ కార్ఖానా నడిపే దేవానందం బయట పడి ఉన్న కోమల్‌ను చూసి మెయిన్ స్విచ్ లాగేశాడు.

"నువ్వు బిడ్డ దగ్గరికి పో మామా, అవతలోళ్లకు నేను చెప్త!"

ఒక్కో కార్ఖానా ఆగింది. గోడలు జరిగాయి, రిక్షా లోపలికొచ్చింది. తీరా ఆగయ్య గోడ దగ్గరే ఇరుక్కుంది. కొత్త గోడ, ఇంకా జరగడం నేర్వలేదు.

ఆగయ్యకు తన మీద తనకే అసహ్యమేసింది. గడ్డపార తెచ్చి పొడిచాడు. ఇటుకలు మూడో సాంచ మీద కూలి, పోగులన్నీ తెగిపోయాయి. రిక్షా కదిలింది.

ధామన్‌కర్ నాకా దాటి దవాఖానా చేరిన పావుగంటకే ఆడపిల్ల పుట్టింది. ఇంకో పావుగంట ఆలస్యమైతే ఇద్దరూ దక్కకపోయేవాళ్లని డాక్టరమ్మ చెప్పింది.

బుధవారం సాంచలన్నీ మళ్లీ మొదలయ్యాయి. గోడలు ముందుకొచ్చాయి. ఆగయ్య ఇంటి ముందు మాత్రం గల్లీ ముడుచుకోలేదు.

"మామా, గోడ ఎప్పుడు లేపుతవ్?" దేవానందం అడిగాడు.

"లేపుత. పాత పునాది మీద."

"మరి మూడో సాంచ?"

"నా పానానికి రెండు చాలురా."

అని గల్లీలోనే కూర్చుని కాళ్లు బార్లా చాపాడు. వచ్చేపోయేవాళ్లెవరూ ఆయన కాళ్లు దాటాల్సిన పని పడలేదు.