ఎర్రకార్డు

"అక్కా, జర మీరు వరండాల కూసుంటరా? తలుపు తీసే ఉంచుత, మీకు కనవడుతం. పాప మాటలు పాపతోనే వినాలె" అంది దీప్తి, నేను టీ గ్లాసు పెట్టగానే. పిల్లలు ఇంట్లో ఏమేం పనులు చేస్తారు, వాటి గురించి ఏమనుకుంటారు అని యూనివర్సిటీలో పరిశోధన చేస్తోందట. హన్మకొండలో మా స్టీలు సామాన్ల దుకాణం పైనే మా ఇల్లు. ఒప్పుకుంటూ సంతకం పెట్టింది మా ఆయన, కింద కౌంటర్ మీదే, చదవకుండా. నన్నెవరూ అడగలేదు. మా రమ్యను మాత్రం దీప్తి అడిగింది. తొమ్మిదేళ్ల పిల్ల ముందు కింద కూర్చుని, "నీకు ఇష్టమేనా?" అని. పైగా చేతికో ఎర్రకార్డు ఇచ్చి, చెప్పాలనిపించకపోతే ఇది ఎత్తు, ఇంక అడగను, కోపం కూడా చేయను అంది.

వెల్లుల్లి ఒలుస్తూ చూస్తున్నాను. ఒళ్లు మండిపోయింది. దీప్తి మీద కాదు, నా కడుపున పుట్టినదాని మీద. పెళ్లిచూపుల్లో నన్ను ఇష్టమేనా అని ఎవరడిగారు? డిగ్రీ మధ్యలో మానిపించినప్పుడు అత్తమ్మ "ఇప్పుడు సదివి ఏం జేస్తవ్?" అంది, అదీ ఒక అడగడమేనా? రోజూ దుకాణంలో గిన్నెలు తుడిచి పేర్చేది నేను. ఎవరైనా వస్తే ఆయన "మా ఆమె ఖాళీగనే ఉంటది" అంటాడు. లోపల రమ్య చేతులు తిప్పుతూ చెప్పుకుపోతోంది. నేను స్కూలు సంగతులు అడిగితే "ఏం లే" అనే పిల్ల. ఒకసారి నావైపు చూసి గొంతు తగ్గించింది. నాది కుళ్లే, దాచుకునేదేముంది.

వెళ్లేటప్పుడు దీప్తిని ఆపి, ఏం చెప్పిందని అడిగాను. పాపను అడగకుండా చెప్పలేనంది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆయనా అదే అడిగాడు. రమ్య, దీప్తి వదిలివెళ్లిన కార్డు ఎత్తింది. ఆయన నవ్వి మళ్లీ అడిగాడు, తర్వాత గొంతు పెంచాడు. పిల్ల చెయ్యి దించలేదు.

"నువ్వడుగు, నీకు చెప్తది" అన్నాడు నాతో.

తెలుసుకోవాలని నాకు ఆయనకంటే ఎక్కువే ఉంది.

"నేనడుగ. మీరు గూడ అడుగకుండ్రి."

"అయితే నువ్వే చెప్పు. ఈ ఇంట్ల నీకేం తక్కువైంది?"

పెళ్లయినప్పటి నుంచీ ఈ మాటకు "ఏం లే" అనే అంటున్నాను. ఈసారి రమ్య చేతిలోని కార్డు తీసుకుని ఎత్తాను. ఆయన మళ్లీ ఏదో అనబోయాడు.

"డాడీ," అంది రమ్య అన్నం కలుపుకుంటూ, "కార్డెత్తినంక అడుగొద్దు."