వెండి చెవి

సత్యశ్రీ ఎడమ చెవి ఆరింది. చిన్నప్పటి నుంచి కారుతున్న చెవి అది. వాసన బయటికి రాకుండా దూది కుక్కుకుని మధురవాడ ఆఫీసుకి పోయేది పాపం, ఫోన్లన్నీ కుడి చెవితోనే మాట్లాడేది. చుక్కల మందు వేస్తే ఆగేది, మానేస్తే మళ్లీ మొదలు. ఆపరేషన్ చెయ్యాలన్న డాక్టరు గడపని తల్లి నూకాలు మళ్లీ తొక్కలేదు. వెల్లుల్లి నూనె కాచి పోసింది. ఆ కారుడు ఆపితే వెండి చెవి చేయిస్తానని అమ్మవారికి మొక్కుకుంది.

ఆగింది కదా, ఇక నూకాలుని పట్టేవాళ్లు లేరు. వీధి వీధంతా చెప్పుకుంది. కూతురు తలనొప్పంటే ఎండ దెబ్బంది, కళ్లు తిరుగుతున్నాయంటే తిండి సరిగ్గా తినడం లేదంది.

మొక్కు తీర్చే రోజు పొద్దున్న సత్యశ్రీ తాగుతున్న టీ పెదవి చివర నుంచి చున్నీ మీదికి కారింది.

"ఏటే, సంటిపిల్లలాగ ఒలకబోసుకుంతన్నావ్?" అని నవ్వబోయి నూకాలు ఆగిపోయింది. కూతురి మూతి కుడివైపుకి లాగేసి ఉంది. ఎడమ కన్ను మూతపడటం లేదు.

"అమ్మా, నా మొగం ఏటైనాది?"

గుడికి మాట్లాడుకున్న ఆటో ఆసుపత్రికి పోయింది.

చెవి డాక్టరు గుణశేఖర్ స్కాన్ చూసి, "చీము ఎప్పుడు ఆగిందమ్మా?" అన్నాడు.

"నెల్లాళ్లవుతాది బాబూ. నయమైపోనాది."

"నయం కాలేదు. బయటికి దారి మూసుకుపోయి లోపలికి పోతోంది. లోపల గడ్డ ఎముకని తినేసింది, మొహాన్ని కదిపే నరం మీదికొచ్చింది. ఇంకొంచెం పోతే మెదడే. ఈ రోజే ఆపరేషన్ చెయ్యాలి."

"పిల్ల బతుకుతాదా బాబూ?"

"బతకాలనే చేస్తున్నాం. ఆ చెవి వినిపిస్తుందని మాత్రం ఆశ పెట్టుకోకండి."

ఆపరేషన్ గది బయట నూకాలు సంచీలోంచి వెండి చెవి తీసి గుప్పిట్లో పట్టుకుంది. ఆపమని అడిగింది తనే. అడిగినట్టే ఆగింది.

కట్టు విప్పిన రోజు సత్యశ్రీ ఎడమ కన్ను సగమైనా మూతపడింది. చెవిలోంచి ఎర్రటి నీరు కారింది.

"కొన్నాళ్లు ఇలాగే కారుతుంది, కంగారు పడకండి," అన్నాడు డాక్టరు.

అలవాటు కొద్దీ దూది కోసం పోయిన చేతిని నూకాలు వెనక్కి తీసుకుంది. మంచం పక్కన కూర్చుని, అది ఎక్కడ ఆగిపోతుందోనని భయంతో చూస్తూ ఉండిపోయింది.