కళ్ళద్దాల గది ఆయా

మళ్ళీ కొబ్బరినూనె! పిల్లల తలలకు నూనె పట్టించి పంపొద్దని కుసుమకుమారి టీచరు ఎంత మొత్తుకున్నా ఈ పాతూరి తల్లులు వింటేగా. సూర్యకాంతమ్మ ఆ పెద్ద నల్ల కళ్ళద్దాల పట్టీలను స్పిరిట్ గుడ్డతో తుడుస్తూనే ఉంది. వేళ్ళ కొసలు పాలిపోయి పగిలాయి. పొద్దుటి నుంచి ఎడమ భుజం లాగుతోంది. లాగనీ, దానికది కొత్తా?

ఆ కళ్ళద్దాలు పెట్టుకుంటే కళ్ళ ముందు కంప్యూటరు బొమ్మలాడి, సముద్రం అడుగున నడిచినట్టే ఉంటుందట. అలా నడిచే పిల్లలు గోడలకు గుద్దుకోకుండా పట్టుకోవడం ఆమె పని. పోర్టులో మూటలు మోసే మొగుడు పోయాక ఈ బడిలో చేరింది. గంట కొట్టింది, గదులూడ్చింది, ఎవరెవరి పిల్లల ముక్కులనో తుడిచింది. తనకు పిల్లల్లేరు. ఒకసారి పెట్టుకుని చూడమని టీచరు అడిగితే, "ఉన్న లోకం సూసీ సూసీ కళ్ళు పోనాయి. ఇంకోటెందుకమ్మా?" అంది.

కళ్ళద్దాలు పెట్టుకున్న పిల్లలు నీళ్ళొచ్చేశాయని నిక్కర్లూ గౌన్లూ పైకెత్తుకున్నారు. అంత అలసటలోనూ ఆమెకు నవ్వొచ్చింది. మాహిరా మాత్రం రోజూలాగే మూల కూర్చుంది. ఆ పిల్లకు నీళ్ళంటే హడలు.

"ఇవాళ కూడా పెట్టుకోకపోతే నీ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తా" అంది కుసుమకుమారి విసిగిపోయి.

సూర్యకాంతమ్మ ప్రాణం ఉసూరుమంది. బతుకంతా తరగతి గుమ్మం బయటే కూర్చున్న మనిషి తను. ఈ పిల్ల అలా మిగిలిపోకూడదు. స్టూలు లాక్కుని పక్కన కూలబడింది. భయపడే పిల్లలకు ఎప్పుడూ చేసినట్టే, తన కొంగు కొస మాహిరా మణికట్టుకు ముడేసింది.

"నాను ఈడే ఉంటాను. బయమేస్తే లాగు."

"ఒగ్గీయవు కదా మామ్మా?"

"ఒగ్గను, లెగు."

మాహిరా కళ్ళద్దాలు పెట్టుకుని ఒక అడుగు వేసింది. ఇంకొకటి వేసింది. ఉన్నట్టుండి కేక పెట్టింది. "మామ్మా! సేపలు! నా సుట్టూరా సేపలే!"

"సూడమ్మా, సూడు."

సూర్యకాంతమ్మ భుజం నొప్పి గుండెల్లోకి దిగింది. తను కేకేస్తే పిల్ల బెదిరి కళ్ళద్దాలు తీసేస్తుంది. ఇంక జన్మలో పెట్టుకోదు. గోడకు ఆనుకుని నొప్పిని పంటిబిగువున అదిమిపెట్టుకుంది.

పీరియడు అయిపోయింది. మాహిరా కళ్ళద్దాలు తీసి కొంగు లాగింది. మళ్ళీ లాగింది.

"మామ్మా, బయం పోనాది!"

సూర్యకాంతమ్మ పలకలేదు. కుసుమకుమారి పరుగున వచ్చి ఆమె నాడి పట్టుకుని చూసి, "అయ్యో తల్లీ" అంటూ నేల మీద కూర్చుండిపోయింది. మాహిరా మణికట్టు ముడి టీచరే విప్పింది.

సాయంత్రం గది మూశారు. కిటికీ రెక్క వెనక, ఇంటికి పోతూ కాల్చుకుందామని సూర్యకాంతమ్మ దాచుకున్న సగం చుట్ట అలాగే ఉంది.