ఎవరిదీ కాని బాస

పొద్దున ఆరు గంటలకే మదనపల్లె మార్కెట్‌లో టమోటా బండ్లు దిగుతాయి. అమానుల్లా మండీలో కాయలు ఏరే పని జుబేదాది, కెంపమ్మది. నింపిన క్రేట్లు లారీకెక్కించేది మునస్వామి. జుబేదా ఇంట్లో ఉర్దూ, పుంగనూరు నుంచి వచ్చే కెంపమ్మ ఇంట్లో కన్నడం, కుప్పం మునస్వామి ఇంట్లో అరవం. మండీలో ముగ్గురిదీ తెలుగే. నాలుగో మనిషి సుకాంతికి అదీ రాదు. ఒడిశా నుంచి వచ్చిన గుంపులో తక్కినవాళ్లంతా కుప్పం వైపు రాళ్ల పనికి పోతే, ఆమె ఒక్కతే ఇక్కడ మిగిలిపోయింది. రెండు నెలలుగా తలొంచుకుని పని చేసి, గోడవైపు తిరిగి అన్నం తింటోంది.

అది చూడలేక ఒకరోజు జుబేదా అంది. "ఆయమ్మకి మన మాటలు నేర్పితే మనం పంతుళ్లమైపోతాం, ఆయమ్మొక్కతే తప్పులు పలుకుతాది. ఎవురిదీ కాని బాస ఒగటి కడదాం. అప్పుడు అందరమూ తప్పులు పలకచ్చు."

"బాస కట్టేకి అదేమన్నా జడా?" కెంపమ్మ నవ్వింది.

"పని కాడికి ఎన్ని మాటలు కావల్లమ్మా? ముప్పై చాలు," అన్నాడు మునస్వామి.

అన్నాల వేళ నలుగురూ గుండ్రంగా కూర్చున్నారు. జుబేదా ఒక కాయ ఎత్తి చూపింది. "టమాటో," అంది సుకాంతి. మొదటి మాట సులువుగా కుదిరింది. తర్వాతంతా తగాదాలే. అరవం తణ్ణీ, ఉర్దూ పానీ కలిసి 'తానీ' అయింది. ఈడ, ఇధర్ కలిసి 'ఈధ' అయింది. నువ్వు, మీరు అనే తేడా తీసేశారు. ఎత్తమనడానికి మునస్వామి తూక్కు అన్నాడు, జుబేదా ఉఠా అంది. సుకాంతి రెండింటినీ కలిపి 'తూఠా' అని ఖాయం చేసింది.

ఆ మధ్యాహ్నం నలుగురూ ఒక్కసారిగా తూఠా అనేసరికి క్రేటు దూది బుట్టలా పైకి లేచింది. కాటా మీద మాత్రం బరువు ఎప్పటిలాగే చూపించింది కాబట్టి అమానుల్లాకు పేచీ లేకపోయింది. పక్క మండీల వాళ్లూ వచ్చి మాట నేర్చుకుపోయారు గానీ, ఎవరికి వాళ్లు విడివిడిగా అరిచేవాళ్లు. క్రేట్లు కదిలేవి కావు. "కలిసి అనల్లప్పా," అని కెంపమ్మ చెప్పి పంపేది.

నెల తిరిగేసరికి సుకాంతి వాళ్లవైపు తిరిగి అన్నం తింటోంది. అయినా ఊరికి పోవాలన్న ఆరాటం తగ్గలేదు. కుప్పం వైపున్న గుంపు మేస్త్రీ ఫోన్ చేసి, వచ్చే ఆదివారం ఆమెతో సహా అందరినీ బరంపురం రైలెక్కిస్తానన్నాడు.

శుక్రవారం వాన పట్టింది. లోడు నిండిన లారీ బురదలో జారి మండీ గోడ మీదికి ఒరిగింది. మునస్వామి కాలు లారీ కింద ఇరుక్కుంది. జనం మూగి తలోవైపు లాగుతున్నారు.

"జాకీ తేండప్పా!"

"ముందుకి తొయ్యండి!"

"ఇట్ల పట్టు, ఇట్ల!"

మునస్వామి అరవంలో అమ్మను పిలుస్తున్నాడు.

సుకాంతి బురదలోకి దిగింది. ఇన్నాళ్లలో ఒక్కసారీ గొంతు పెంచని మనిషి మార్కెట్ అంతా వినేలా అరిచింది. "ఈధ! ఈధ!" ఆమె చూపినచోట అందరూ చేతులు వేశారు. "తూఠా!" అంది. హమాలీలు, డ్రైవర్లు, రైతులు, అమానుల్లా, అందరూ ఒక్క గొంతుతో అదే మాటన్నారు. లారీ నిద్రలో పక్కకు ఒత్తిగిల్లినట్టు లేచింది. కెంపమ్మ మునస్వామిని చంకల కింద పట్టి ఇవతలికి లాగింది. తర్వాత లారీని మెల్లగా దించారు. మునస్వామి మడమ వాచింది గానీ ఎముక విరగలేదు.

మర్నాడు అమానుల్లా వచ్చి, "లోడింగుకి ఇంక నువ్వే మేస్త్రీవమ్మా. నీ గొంతుకైతే అందరూ కలిసి పలుకుతాండారు," అన్నాడు. ఆ సంగతంతా జుబేదా తమ కొద్దిపాటి మాటల్లో కుదించి, సుకాంతికి అర్థమయ్యేలా చెప్పింది.

సుకాంతి ముందున్న క్రేటు నిండేదాకా కాయలు ఏరింది. తర్వాత ఫోన్ తీసి గుంపు మేస్త్రీకి ఒకే మాట చెప్పింది. "రహిబి."

"అంటే ఏంది?" కట్టు కట్టిన కాలు క్రేటు మీద చాపుకుని మునస్వామి అడిగాడు.

సుకాంతి తను కూర్చున్న గోనెపట్టాను అరచేత్తో గట్టిగా తట్టింది. "ఈధ," అంది.

ఉండిపోతానని వాళ్లకు అర్థమైంది. ఆ ఒరియా మాటను ఇంక దేనితోనూ కలపలేదు, ఏ ముక్కా విరవలేదు. ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు పలికారు. సరిగ్గా వచ్చేదాకా ఆమె వాళ్లను దిద్దుతూనే ఉంది.