ఒడిలో చెయ్యి

"ఒక చెయ్యి ఖాళీగనే ఉన్నది గదా అనసూయా, జర ఈ చిక్కుడుకాయల ఈనెలు తియ్యరాదూ," అంటూ మా అత్తమ్మ సంచీని దవాఖాన మంచం మీద బోర్లించింది.

నిజానికి నా కుడిచేయి పొద్దుటి నుంచీ పని కోసం వెతుకుతూనే ఉంది. దుప్పటి అంచు మడుస్తోంది, విప్పుతోంది. ఎడమచేయి మాత్రం పొట్టకు కుట్టి ఉంది. మణికట్టు మీద గడ్డ లేస్తే పచ్చళ్లు నూరీ నూరీ వాచిందన్నారు ఇంట్లో. నేనూ పసుపు రాసుకుని బట్టలు ఉతికాను. అది క్యాన్సరని తేల్చిన డాక్టరు చుట్టూ ఉన్న కండతో సహా తీసేసి, ఆ గుంత మీదికి పొట్ట చర్మాన్ని ఒకవైపు అంటి ఉండగానే లేపి కప్పాడు. "ఇప్పుడు దీనికి పొట్ట నెత్తురే ఆధారం. చేతి నెత్తురు అందేదాకా విడదీయకూడదమ్మా," అన్నాడు.

"శుక్రవారం మా చెల్లె శకుంతలకు ఒడిబియ్యం పొయ్యాలె," అన్నాడు నా భర్త వెంకట్రాజం, కిటికీలోకి చూస్తూ. "వదినెవు, నువ్వే దోసిళ్లతోని దాని ఒడిల పొయ్యాలె గద. జర ముందుగాల విడదియ్యమని సారును నువ్వే అడుగు. నేనడిగితే కోపం జేస్తుండు."

"అతుకు చచ్చిపోతే?"

"కట్టు కింద ఎవలకు కనపడ్తది," అంది అత్తమ్మ. "వంటకు నువ్వు కూసోని చెప్పు. ఎవలో ఒకలు చేస్తరు."

పెళ్లయిన నాటి నుంచీ ఆ ఇంట్లో ఆ ఎవరో ఒకరు నేనే.

ఆ పొద్దున్నే, వీళ్లు రాకముందు, ఆయా పూలమ్మ అడక్కుండానే నాకు తల దువ్వి జడ వేసింది. అమ్మ పోయాక నా తల మీద ఇంకొకరి చేయి పడటం అదే మొదలు. ఏడుపొచ్చి ఊపిరి ఎగసింది. పొట్టతో పాటు చేయీ లేచింది. ఇన్నాళ్లూ అందరి పొట్టలూ నింపిన చేతికి ఇప్పుడు నా పొట్ట తిండి పెడుతోంది. దాన్ని తిండి మధ్యలో లేపమంటున్నారు.

డాక్టరు వచ్చాడు. నా భర్త నాకు సైగ చేశాడు. అత్తమ్మ కొంగు సర్దుకుంది.

"సార్, ఇది మంచిగ అతికేదాంక నన్ను ఇంటికి పంపకుండ్రి. ఎవలడిగినా సరే."

డాక్టరు తలూపి పక్క మంచం దగ్గరికి వెళ్లాడు. కుడిచేయి దుప్పటి అంచు వదిలేసింది. చిక్కుడుకాయలను ఒక్కొక్కటే సంచీలో వేసి, సంచీ నా భర్త ఒళ్లో పెట్టాను.

"ఈనెలు రెండు దిక్కుల తియ్యాలె," అన్నాను.