ముక్కుగారికి నురగ కాఫీ

కాఫీ కంపెనీలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. ఇరవై రెండేళ్ళుగా రుచి చూసే గదిలో పనిచేస్తున్నాడు కనక అందరికీ ముక్కుగారే. బల్ల మీద వరసగా పెట్టిన గిన్నెల్లోంచి చెంచాడు కాఫీ జుర్రున పీల్చి, పక్కనున్న పాత్రలో ఉమ్మి, ఏ బస్తా గింజలకి తడి తగిలిందో, ఏది గోదాములో ఎక్కువ రోజులు మగ్గిందో చెప్పేసేవాడు. ఆయన మాటకి అక్కడ తిరుగు లేదు.

అలాంటి మనిషికి రెండు నెలల కిందట జ్వరం వచ్చింది. జ్వరం నాలుగు రోజుల్లో పోయింది. పోతూ పోతూ వాసనల్నీ పట్టుకుపోయింది. నాలుక మీద చేదూ తీపీ పులుపూ తెలుస్తున్నాయి గాని, అంతకుమించి ఏమీ లేదు. ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. ఆఫీసులో తనతోపాటు రుచి చూసే ఆవిడ ఏ గిన్నె దగ్గర కనుబొమలు ముడిచిందో ఓరకంట చూసి, ఆ గిన్నెకి తనూ తక్కువ మార్కులు వేసేవాడు. ఇంట్లో ఏం పెట్టినా బాగుందనేవాడు. ఎప్పుడూ ఏదో ఒక వంక పెట్టే మనిషి కావడంతో, భార్యకి అదే కాస్త వింతగా ఉండేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం కూతురు నురగ కాఫీ చేస్తానంది. ఫోనులో ఎవరో చేస్తుంటే చూసిందట. కాఫీ పొడి, పంచదార, వేణ్ణీళ్ళు సమానంగా గిన్నెలో వేసి గిలక్కొట్టడం, ఆ నురగని చల్లటి పాల మీద వేసుకుని తాగడం, అంతే. అయితే దానికి నీళ్ళలో ఇట్టే కరిగే ఇన్‌స్టంట్ పొడే కావాలి. దాన్ని తండ్రి కాఫీ అని కూడా అనడు, రంగు అంటాడు. అందుకని ఆ పిల్ల ఎప్పుడో కొన్న పొట్లాన్ని నోరు మడిచి, బీరువాలో స్వెట్టర్ల అడుగున దాచుకుంది. ముసురు పట్టి చలిగా ఉండటంతో పొట్లంతోపాటు ఒక స్వెట్టరు కూడా తీసి వేసుకుంది.

వంటింటి గట్టు దగ్గర నిలబడి గిలక్కొట్టడం మొదలుపెట్టింది. పది నిమిషాలైనా గిన్నెలో నల్లటి నీళ్ళే. చెయ్యి మాత్రం పీకేస్తోంది.

"నాన్నా, కాసేపు నువ్వు కొట్టవూ?"

ఆయన పేపరు పక్కన పెట్టి వచ్చాడు. "ఇది తాగడానికా, తలుపులకి వెయ్యడానికా?"

"ముందు కొట్టు. తర్వాత తిడుదువుగాని."

ఆయన గిన్నెని పొట్టకి ఆనించుకుని ఆపకుండా కొట్టాడు. నల్లటి నీళ్ళు కాస్తా తేనె రంగుకి తిరిగాయి, ఆ తర్వాత చిక్కబడ్డాయి. చెంచా పైకెత్తితే నురగ కారకుండా నిలబడింది. ఇన్నాళ్ళకి ఒక పని ఇంకొకరి మొహం చూడకుండా చేశాననుకున్నాడు.

కూతురు మూడు గ్లాసుల్లో పాలు పోసి, పైన నురగ వేసి, మొదటిది తండ్రికిచ్చింది. ఆయన అలవాటు కొద్దీ కళ్ళు మూసుకుని తాగాడు.

"పరవాలేదు. గింజ పాతదే గాని, వేయించడం బాగా కుదిరింది."

తల్లి ఒక్క గుక్క తాగి సింకు దగ్గరికి పరిగెత్తింది. "ఇదేం కంపే తల్లీ! కలరా ఉండలు కలిపావా ఏమిటి?"

కూతురు గ్లాసు వాసన చూసింది. "అయ్యో! ఇందాకట్నించీ స్వెట్టరు వాసనేమో అనుకుంటున్నానమ్మా! బీరువాలో పొట్లానికీ పట్టేసింది!"

ఇద్దరూ ఆయన వైపు తిరిగారు. ఆయన గ్లాసు సగం ఖాళీ అయింది. భార్య వచ్చి ఆ గ్లాసు తీసుకుని గట్టు మీద పెట్టింది.

"ఎప్పట్నించి?"

"జ్వరం వచ్చినప్పట్నించి."

"మరి ఆఫీసులో?" అంది కూతురు.

"పక్కావిడ మొహం చూసి రాస్తున్నాను."

భార్యకి నవ్వొచ్చింది. "ఈ వయసులో కాపీ కొడుతున్నారా?" అంది. అంతలోనే నవ్వు ఆగిపోయింది. "ఆఫీసు సంగతి సరే. రేపు ఇంట్లో గ్యాసు లీకైతే ఎవరి మొహం చూస్తారు?"

ఆయన వంగి సిలిండరు కట్టేశాడు.

సోమవారం పొద్దున్నే మేనేజరు గదికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. మేనేజరు ఆయనతోపాటు రుచి చూసే ఆవిడని పిలిపించాడు. ఆవిడ ఆశ్చర్యపోలేదు.

"నాకు అనుమానంగానే ఉందండీ. రెండుసార్లు మంచి కాఫీ దగ్గర కావాలనే మొహం చిట్లించాను. మీరూ దానికే తక్కువ వేశారు."

"మరి చెప్పలేదేం?" అన్నాడు ముక్కుగారు.

"మీరే చెప్తారని చూశాను."

ఆ రెండు నెలల గింజల్నీ మళ్ళీ పరీక్షించారు. ఆవిడ రాని రోజుల్లో ఆయన బాగున్నాయన్న వాటిలో మూడు రకాలు పనికిరానివని తేలింది. అలా తేలినట్టు రాసిన కాగితం మీద ఆయనే సంతకం పెట్టాడు. ఆయన్ని గింజలు వేయించే విభాగానికి మార్చారు. అక్కడ రంగు చూసుకోవాలి, గింజ చిటపటలు వినాలి. వాసన ఇంకొకరు చూస్తారు.

డాక్టరు మాత్రం ఏ మాటా ఇవ్వలేదు. ఏడాదికి రావచ్చు, రాకపోవచ్చు, రోజూ రెండుపూటలా నిమ్మతొక్క, లవంగం వాసనలు పీల్చమన్నాడు. భార్య మర్చిపోకుండా తెచ్చి ముక్కు దగ్గర పెట్టేది. ఆయన తల అడ్డంగా ఊపేవాడు.

అలా పీల్చడం మొదలుపెట్టిన మూడో నెలలో ఒక పొద్దున తల ఊపలేదు.

"ఏదో ఉంది," అన్నాడు. "ఏమిటో చెప్పలేను."

"అబద్ధం కాదు కదా?"

"కాదు."

ఆవిడ నిమ్మతొక్కని ఇంకాస్త దగ్గరగా పెట్టింది.